పక్కన నిలబడే సీనియర్: సూరత్ ఆసుపత్రుల్లో కొత్త నర్సుల చరిత్ర

నర్సింగ్ పరీక్షలు పాసై, కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్న అమ్మాయి స్టాఫ్ నర్సుగా తొలిసారి వార్డులోకి అడుగుపెడుతుంది. ఎవరి తోడూ లేకుండా ఒక రాత్రి డ్యూటీని గట్టెక్కించగల నమ్మకం ఆమెకు చిక్కడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. ఈ మధ్యకాలం పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించదు. రోగి ప్రాణానికీ, నర్సు ఆ వృత్తిలో నిలవడానికీ మాత్రం ఇదే కీలకం. ఈ కాలాన్ని ఆసుపత్రులు ఎలా నడిపాయి, కొత్తవారి పక్కన ఎవరిని నిలబెట్టాయి అన్న చరిత్రను చూడటానికి సూరత్ మంచి ఉదాహరణ. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం యాభై ఏళ్లలో పదిహేను రెట్లు పెరిగింది. ప్లేగునూ వరదలనూ చూసింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాల పనికి వెళ్లిన వేల తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి.

నర్సులు లేని కాలం

మొఘలుల నాటి సూరత్ పశ్చిమ తీరంలో పెద్ద ఓడరేవు. 1689లో అక్కడికి వచ్చిన ఇంగ్లిష్ పాద్రీ జాన్ ఓవింగ్టన్ ఆ ఊరిలో ముసలి పశువులకూ, గాయపడ్డ జంతువులకూ ఉన్న ఆసుపత్రి గురించి ఆశ్చర్యంగా రాశాడు. జైన, వైష్ణవ వర్తకుల దానాలతో నడిచే పాంజరాపోల్ అది. మనుషులకు జబ్బు చేస్తే సేవ ఇంట్లోనే జరిగేది. తల్లి, అత్త, కోడలు వంతులవారీగా రోగి మంచం దగ్గర కూర్చునేవారు. కాన్పు చేయడానికి దాయి వచ్చేది. ఆమె విద్య తల్లి నుంచి కూతురికో, అత్త నుంచి కోడలికో అందేది. బయటివారి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం మైలగా భావించిన సమాజంలో జీతానికి రోగులను చూసుకోవడం గౌరవమైన పని అనిపించుకోలేదు. ఈ చిన్నచూపు ఆ తర్వాత కూడా చాలాకాలం నర్సింగ్‌ను వెంటాడింది.

1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణ పాఠశాల తెరిచాక నర్సింగ్ ఒక విద్యగా రూపు కట్టింది. మన దేశంలో 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. 1885లో ఏర్పడిన లేడీ డఫరిన్ నిధి ఆడవారి ఆసుపత్రులకూ, మంత్రసానులకూ నర్సులకూ ఇచ్చే శిక్షణకూ డబ్బు సమకూర్చింది. సూరత్ అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి అక్కడి ఆసుపత్రులకు నమూనా బొంబాయే. శిక్షణకు వచ్చిన తొలి భారతీయ నర్సుగా చరిత్రకెక్కిన బాయి కాశీబాయి గణపత్ 1891లో చేరింది బొంబాయిలోనే. తెలుగు నేలపై ఇదే కాలంలో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో మిషన్ ఆసుపత్రిని తెరిచారు. గుంటూరులోనైనా, గుజరాత్‌లోనైనా తొలి తరం నర్సుల్లో చాలామంది క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలే. కుల కట్టుబాట్ల వల్ల మిగిలినవారు ముందుకు రాలేదు.

1896 సెప్టెంబర్‌లో బొంబాయిలో బయటపడిన ప్లేగు మరుసటి ఏడాదికి సూరత్ ప్రాంతాన్ని చుట్టుముట్టింది. ప్లేగు ఆసుపత్రుల్లో పనిచేయడానికి ఇంగ్లండ్ నుంచి నర్సులను రప్పించాల్సి వచ్చింది. ఇంతటి ఆపదకు సరిపడా శిక్షణ పొందిన చేతులు మన దేశంలో లేవని అప్పుడు తేటతెల్లమైంది. 1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్, ఆ వెంటనే బొంబాయి ప్రెసిడెన్సీ నర్సింగ్ అసోసియేషన్ ఏర్పడ్డాయి. 1935లో బొంబాయి నర్సుల, మంత్రసానుల, హెల్త్ విజిటర్ల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అప్పటినుంచి నర్సు అనిపించుకోవాలంటే రిజిస్టర్‌లో పేరు ఉండాలి.

వార్డే బడి

నైటింగేల్ పద్ధతిలో శిక్షణార్థిని ప్రొబేషనర్ అనేవారు. ఆమె ఉదయం వార్డులో పనిచేసేది, మధ్యాహ్నం పాఠం వినేది, రాత్రి హాస్టల్లో మేట్రన్ కంటి కింద నిద్రపోయేది. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చే నాటికీ, ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలదాకానూ ఇదే నడిచింది. మొదటి ఏడాది పక్కలు సర్దడం, రోగులకు ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ అందించడం, గ్లాస్ సిరంజిలు మరిగించడం. రెండో ఏడాది డ్రెస్సింగులు, ఇంజెక్షన్లు. మూడో ఏడాది రాత్రిపూట వార్డు బాధ్యత. మెట్టు మెట్టుగా పని పెరిగేది, నెత్తిన పెట్టుకునే టోపీ మీద గీతలు కూడా పెరిగేవి.

ఈ పద్ధతిలో కొత్త నర్సు అనే సమస్య అంతగా కనిపించదు. సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి ఆమె మూడేళ్లుగా అదే ఆసుపత్రిలో, అదే సిస్టర్ల చేతికింద నలిగి ఉంటుంది. ఏ బీరువాలో ఏ మందు ఉంటుందో, ఏ డాక్టర్‌ను అర్ధరాత్రి లేపవచ్చో, ఏ రోగి ముఖం వాడిపోతే ప్రమాదమో ఆమెకు అప్పటికే తెలుసు. ఆ తెలివికి చెల్లించిన మూల్యం మాత్రం తక్కువది కాదు. విద్యార్థినులను చవక కూలీలుగా వాడుకోవడం సర్వసాధారణమైంది. వార్డులో చేతులు చాలనప్పుడు పాఠం ఆగిపోయేది, పని మాత్రం ఆగేది కాదు. 1946లో భోర్ కమిటీ దేశం మొత్తం మీద శిక్షణ పొందిన నర్సులు సుమారు 7,000 మందే ఉన్నారని, అంటే 43,000 మంది జనానికి ఒక్కరని లెక్క తేల్చింది. వారి జీతం, వసతి, పని గంటలు బాగుపడనిదే మంచి కుటుంబాల అమ్మాయిలు ఈ వృత్తిలోకి రారని కూడా హెచ్చరించింది.

1946లోనే ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. విద్యార్థిని అంటే మొదట చదువుకునే మనిషి అని, ఆ తర్వాతే పనిచేసే చెయ్యి అని పాలకులు ఒప్పుకోవడం మొదలైంది. ఈ మార్పు న్యాయమైనదే. అయితే దీనితో పాటే ఒక ఖాళీ కూడా పుట్టింది. తరగతి గది పెరిగిన కొద్దీ వార్డు గంటలు తగ్గాయి. బడి ఒక చోట, ఉద్యోగం మరో చోట అయ్యాయి. సర్టిఫికెట్‌కూ సామర్థ్యానికీ మధ్య దూరం పెరిగింది.

మగ్గాల నగరం, కొత్త ఆసుపత్రి

1960 మే 1న గుజరాత్ ప్రత్యేక రాష్ట్రమైంది. 1964లో సూరత్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మజూరా గేటు దగ్గరి న్యూ సివిల్ హాస్పిటల్ దాని బోధనాసుపత్రి. నర్సింగ్ కళాశాల కూడా ఈ ప్రాంగణంలోనే ఉంది. 1968 చట్టం ద్వారా గుజరాత్‌కు సొంత నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడే వీలు కలిగింది. దక్షిణ గుజరాత్ జిల్లాల రోగులు, పొరుగున ఉన్న మహారాష్ట్ర ఊళ్ల రోగులు సైతం ఈ ఆసుపత్రికి వచ్చేవారు.

ఈ లోగా నగరం ఉబ్బిపోయింది. 1961లో సూరత్ జనాభా 2.88 లక్షలు. 1981కి 7.77 లక్షలు, 1991కి దాదాపు 15 లక్షలు, 2011కి 44.67 లక్షలు అయింది. పవర్‌లూములు, జరీ, అద్దకం మిల్లులు, వజ్రాలు సానబట్టే కార్ఖానాలు దేశం నలుమూలల నుంచి మనుషులను లాగాయి. ఒడిశాలోని గంజాం నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, సౌరాష్ట్ర నుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి జనం వచ్చారు. తెలంగాణ నుంచి పద్మశాలీలు వచ్చి లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డారు. ఈ నగరంలో కార్పొరేషన్ బడులు గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ నడవడం దీనికి సాక్ష్యం.

నర్సులు కూడా పలు చోట్ల నుంచి వచ్చారు. కేరళ అమ్మాయిలు గుజరాత్ ఆసుపత్రులకు ఎన్నో ఏళ్లు అండగా నిలిచారు. చరోతర్ ప్రాంతపు గుజరాతీ క్రైస్తవ కుటుంబాల నుంచి, ఆ తర్వాత డాంగ్, వ్యారా వైపు ఆదివాసీ కుటుంబాల నుంచి ఆడపిల్లలు ఈ వృత్తిలోకి వచ్చారు. చాలామందికి ఇంటికి వచ్చిన మొదటి ప్రభుత్వ జీతం అదే.

కొత్త నర్సుకు తొలి పరీక్ష భాషతోనే. పరీక్షకు రాసిన పాఠంలో కడుపునొప్పి ఒకటే మాట. వార్డులో ఒక మంచం మీది గుజరాతీ ముసలమ్మ ‘పేట్‌మా దుఖే ఛే’ అంటుంది. పక్క మంచం మీది ఖాందేశీ కూలీ ‘పోట్ దుఖతే’ అంటాడు. ఈ రెండూ కొంచెం దగ్గరే కనుక అర్థమవుతాయి. మూడో మంచం మీది సిరిసిల్ల మగ్గం కార్మికుడు ‘కడుపుల మెలిపెడుతుంది సిస్టరమ్మా’ అంటే ఆమెకు ఒక్క ముక్కా అందదు. అక్కడ దుబాసీలు బడికి పోయే పిల్లలే. నాన్న బాధను తెలుగులో విని, గుజరాతీలో చెప్పే పదేళ్ల పిల్లవాడు ఇటువంటి వార్డులో నర్సుకు పెద్ద దిక్కు. కొన్నాళ్లకు ఆమె మాట కోసం ఎదురుచూడటం మాని చెయ్యి ఎక్కడ పట్టుకున్నాడు, మోకాళ్లు ముడుచుకున్నాడా, పొట్ట గట్టిపడిందా అని చూడటం నేర్చుకుంటుంది. భాష రాని చోట కన్ను పదునెక్కుతుంది.

మొదటి నెలలు

ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుల రోజు మూడు డ్యూటీలుగా సాగుతుంది: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. రాత్రి డ్యూటీ అన్నిటికన్నా పొడవైనది. కొత్త నర్సు పగలు ముగ్గురు నలుగురి మధ్య ఒకరిగా పనిచేసి కొంత ధైర్యం తెచ్చుకుంటుంది. రాత్రికి ఆ ముగ్గురూ ఉండరు.

పని మొదలయ్యేది హ్యాండోవర్‌తో. దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు కలిసి మంచం మంచానికీ తిరుగుతారు. ఏడో నంబర్‌కు సెలైన్ సగం వెళ్లింది, పదకొండో నంబర్‌కు పొద్దున్నుంచి మూత్రం రాలేదు, పదిహేనో నంబర్ తెల్లవారితే ఆపరేషన్, నోట్లోకి ఏమీ ఇవ్వకూడదు. అనుభవం ఉన్న నర్సు ఇందులో పదకొండో నంబర్ దగ్గర ఆగుతుంది. కొత్త నర్సు అన్నిటినీ ఒకే బరువుతో రాసుకుంటుంది. ఆమె కాగితం నిండిపోతుంది కానీ దేని వెనక ప్రమాదం పొంచి ఉందో తెలియదు. సీనియర్ వేలు పెట్టి ‘ముందు ఇక్కడికి రా’ అని చెప్పే ఆ ఒక్క క్షణంలో జరిగే చదువు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆ తర్వాత మందులు. ఒంటి వేడి, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టు నింపడం, డ్రగ్ ట్రాలీ తోసుకుంటూ పోవడం, రోగి పేరూ మందు పేరూ మోతాదూ వేళా మార్గమూ సరిచూసుకోవడం. చేతిలో నరం దొరకని ముసలివారికి, నీరు పోయి ముడుచుకుపోయిన పసివారికి కాన్యులా పెట్టడం కొత్తవారికి పెద్ద గండం. మొదటి పోటు తప్పితే చేయి వణుకుతుంది. చుట్టూ మూగిన బంధువులు గొంతు పెంచుతారు. డాక్టర్ ఫోన్‌లో చెప్పిన మందును అలాగే ఇచ్చేయాలా, మోతాదు ఎక్కువనిపిస్తే అడగవచ్చా అన్న సంకోచం గొంతు పట్టేస్తుంది. మొదటి మరణం తర్వాత ఒంటిని శుభ్రం చేసి, దుప్పటి కప్పి, బయట కూర్చున్న తల్లికి ఎదురుపడటం ఆమె జీవితాంతం మరచిపోదు.

ఈ అవస్థకు పరిశోధకులు తర్వాత పేరు పెట్టారు. 1974లో అమెరికన్ నర్సు మార్లిన్ క్రేమర్, బడిలో నేర్పిన ఆదర్శానికీ వార్డు వాస్తవానికీ మధ్య తగిలే దెబ్బను వాస్తవాఘాతంగా వర్ణించింది. నర్సులు వృత్తి వదిలిపోవడానికి అదొక పెద్ద కారణమని చెప్పింది. 1984లో ప్యాట్రీషియా బెన్నర్ నర్సు ఎదుగుదలను ఐదు దశలుగా చూపింది. కొత్తగా వచ్చినవారు నియమాలను పట్టుకుని నడుస్తారని, అనుభవం పండినవారు రోగిని మొత్తంగా చూసి పసిగడతారని ఆమె వివరణ. మంచం దగ్గర సీనియర్లు తరతరాలుగా చేస్తూ వచ్చిన పనికి శాస్త్రం ఇచ్చిన రూపం ఇది.

1994: అందరూ కొత్తవారే

1994 వానాకాలంలో సూరత్‌లో వరద వచ్చింది. నీళ్లు తీశాక చెత్త, చచ్చిన పశువులు వీధుల్లోనే కుళ్లాయి. సెప్టెంబర్ మూడో వారంలో వేడ్ రోడ్డు వైపు కార్మిక వాడల నుంచి జ్వరం, దగ్గు, నెత్తుటి కళ్లెతో రోగులు న్యూ సివిల్ హాస్పిటల్‌కు రావడం మొదలైంది. కొందరు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట బయటికి పొక్కగానే నగరం తల్లడిల్లింది. లక్షల మంది రైళ్లూ బస్సులూ పట్టుకుని వెళ్లిపోయారు. టెట్రాసైక్లిన్ దుకాణాల్లో మాయమైంది. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది తలుపులు మూసి ఊరు విడిచారు. వెళ్లినవారిలో తెలంగాణకు తిరిగివచ్చిన నేత కుటుంబాలూ ఉన్నాయి. వారు దిగిన ఊళ్లలోనూ భయం పాకింది.

సివిల్ హాస్పిటల్ తలుపులు తెరిచే ఉన్నాయి. రోగులను వేరుగా ఉంచే వార్డు సిద్ధమైంది. పారిపోతున్న రోగులను ఆపడానికి బలగాలను కాపలా పెట్టాల్సి వచ్చింది. లోపల పనిచేసిన నర్సుల్లో ఎవరూ అంతకు ముందు ప్లేగు రోగిని చూసినవారు కాదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న హెడ్ సిస్టర్‌కూ, అప్పుడే చేరిన స్టాఫ్ నర్సుకూ ఈ జబ్బు ఒకేలా కొత్తది. అయినా తేడా ఉంది. మాస్కు ఎలా కట్టుకోవాలి, చేతులు ఎప్పుడు కడగాలి, ఇంజెక్షన్ వేళ ఎలా తప్పకూడదు, భయపడే బంధువుతో ఎలా మాట్లాడాలి అన్నవి పెద్దవారి చేతుల్లో అలవాటుగా ఉన్నాయి. ఆ అలవాటును చూసి చిన్నవారు నిలబడ్డారు. వేళకు మందు పడిన రోగులు కోలుకున్నారు. సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయిన ఆ వ్యాధి కొన్ని వారాల్లో అదుపులోకి వచ్చింది.

1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ఏసీ గదుల నుంచి వీధుల్లోకి దింపి, చెత్త ఎత్తివేతను రోజువారీ లెక్కగా మార్చారు. రెండేళ్లు తిరగకుండానే దేశంలోని శుభ్రమైన నగరాల్లో చండీగఢ్ తర్వాత సూరత్ పేరు వినిపించింది. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. వీధి శుభ్రమైతే వార్డు మీద భారం తగ్గుతుందన్న సత్యం నర్సులకు రోజూ అనుభవమే. ఆ అనుభవం అప్పుడు నగర పాలన దాకా చేరింది.

వరద, మహమ్మారి, కార్పొరేట్ వార్డులు

కార్పొరేషన్ తన సొంత బోధనాసుపత్రి స్మీమెర్‌ను నెలకొల్పడంతో పేదలకు రెండో పెద్ద దిక్కు ఏర్పడింది. 2006 ఆగస్టులో ఉకాయీ డ్యాం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో అధికభాగం మునిగింది. ఇళ్లు మునిగిన నర్సులే రోగులను పై అంతస్తులకు చేర్చి, దొరికినంతలో డ్యూటీలు పంచుకునే ఇటువంటి రోజులు పుస్తకంలోని విపత్తు పాఠానికి అసలు అర్థం చెబుతాయి. దక్షిణ గుజరాత్ వరి, చెరకు పొలాల్లో పనిచేసేవారికి ఏటా వానల్లో సోకే లెప్టోస్పైరోసిస్ ఇక్కడి నర్సులకు తప్పనిసరి పాఠం. జ్వరంతో వచ్చిన కూలీ కళ్లు పచ్చబడ్డాయా, పిక్కలు నొప్పా, మూత్రం తగ్గిందా అని ఇక్కడి కొత్త నర్సు తొలి వానాకాలంలోనే అడగడం నేర్చుకుంటుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చదువు ఇంకా పూర్తికాని విద్యార్థినులను, అప్పుడే పట్టా పుచ్చుకున్నవారిని కూడా దేశమంతటా డ్యూటీలకు పిలిచారు. పీపీఈ కిట్‌లో ముఖం కనిపించని సీనియర్ దగ్గర పని నేర్చుకోవాల్సి రావడం ఆ తరానికి ఎదురైన కష్టం.

ఈ మధ్యకాలంలో ప్రైవేటు ఆసుపత్రులు బాగా పెరిగాయి. గుర్తింపు ప్రమాణాల కోసం అవి కొత్తవారికి ఓరియెంటేషన్ తరగతులు, నైపుణ్యాల చెక్‌లిస్టులు పెట్టాయి. నర్సింగ్ కోర్సుల్లో చివర ఇంటర్న్‌షిప్ నెలలు చేరాయి. ఇవి మంచి అడుగులు. అసలు కొరత మాత్రం మనుషులది. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒక్కో రోగికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతాధికార కమిటీ 1989లో నర్సుల కొరతనూ, పని పరిస్థితులనూ విడమరిచి చెప్పింది. జీతం సంగతీ అంతే. గుజరాత్ ప్రభుత్వ కొలువులో చేరిన తొలి 5 ఏళ్లు స్థిర వేతనమే. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశాలతో ఏర్పడిన కమిటీ, చిన్న ఆసుపత్రుల్లోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది. 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఇది విద్య, నమోదు, ప్రమాణాలను కొత్త వ్యవస్థ కిందికి తెస్తుంది.

జీతం చాలక, పని బరువు మోయలేక మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్న నర్సు గల్ఫ్‌కో మరో ఆసుపత్రికో వెళ్లిపోతే ఆ వార్డు ఒక్క మనిషిని కోల్పోయినట్టు కాదు. ఆమె చేతికింద నేర్చుకోవాల్సిన నలుగురు కొత్తవారికి గురువు పోయినట్టు. పాత పద్ధతి విద్యార్థినిని కూలీగా వాడుకున్నా ఆమె పక్కన ఒక సిస్టర్‌ను మాత్రం ఉంచింది. కొత్త పద్ధతి విద్యార్థినికి గౌరవం ఇచ్చింది కానీ చాలా చోట్ల ఆ సిస్టర్‌ను నిలుపుకోలేకపోయింది.

నర్సింగ్ బడుల్లో ఇప్పటికీ దీపం వెలిగించే వేడుక జరుగుతుంది. పెద్ద సిస్టర్ చేతిలోని దీపం నుంచి ఒక్కో అమ్మాయి తన దీపం వెలిగించుకుని ప్రమాణం చేస్తుంది. సూరత్ నూరేళ్ల అనుభవం చెప్పేది అదే. కొత్త నర్సుకు ధైర్యం పుట్టుకతో రాదు, సర్టిఫికెట్‌తోనూ రాదు, పక్కన నిలబడ్డ మనిషి నుంచి వస్తుంది. అందుచేత కొత్త నర్సును మొదటి ఆరు నెలలు రాత్రి వార్డులో ఒంటరిగా వదలకుండా చూడటం ప్రతి ఆసుపత్రి తప్పక పాటించవలసిన నియమం. ఆమెకు తోడుండే సీనియర్‌కు తగిన జీతం, తగినన్ని చేతులు ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత.